దగ్ధబీజం

మన వేదాంతులకు విత్తనమంటే తగని మోజు. సంసారాన్ని వృక్షమనీ కర్మను బీజమనీ అనేస్తే సగం బోధ అక్కడికక్కడే అయిపోయేది. ఆ దారిలో వచ్చిందే దగ్ధబీజ దృష్టాంతం. వేయించిన గింజ చూడడానికి గింజలాగే వుంటుంది. నేలలో వేసి ఎన్ని నీళ్ళు పోసినా మొలవదు. జ్ఞానాగ్నిలో కాలిన క్లేశాలు కూడా అంతేనని పతంజలి యోగసూత్రాలకు వ్యాసభాష్యం చెబుతుంది. భాగవతం దశమస్కంధంలో శ్రీకృష్ణుడు గోపికలతో ఇదే పోలిక అంటాడు. అక్కడ వేయించిన గింజకు తోడు వుడికించిన గింజ కూడా వస్తుంది.

అయితే ఆ శ్లోకంలో ఒక చిన్న మాట వుంది. అలాంటి గింజలు ‘తరచుగా’ మొలవవు అన్న అర్థమిచ్చే మాట. ‘ఎన్నటికీ’ అనలేదు. పాదపూరణకోసం పడిన మాట అని ఎవరైనా కొట్టి పారెయ్యవచ్చు. కాని వ్యవసాయం తెలిసినవాడు ఆ మాటదగ్గర ఒక నిమిషం ఆగుతాడు.

నన్ను ఆపింది మాత్రం ఒక విద్యార్థిని. వేమూరు వైపునుంచి రైల్లో తెనాలి వచ్చి చదువుకునే రైతుబిడ్డ. పాఠం అయిపోయాక లేచి నిలబడి, “మాస్టారూ, కాలిన గింజ మొలవదంటున్నారు. మరి మా చేలో బంగారు తీగను పీకి కుప్పవేసి తగలబెట్టిన చోటే, మరుసటి యేడు మళ్ళీ బంగారు తీగ ముందు లేస్తుందేమిటండీ?” అని అడిగింది. తరగతి గొల్లుమంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. మా వూరు జంపని. ఆ తీగ పెట్టే బాధ నేను చూస్తూనే వున్నాను.

తెనాలినుంచి రేపల్లె వెళ్ళే రైలుకు వేమూరుకు ముందు తగిలే స్టేషను జంపని. 2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. కృష్ణ కాలవల కింద వరి పండే నల్లనేల. వరి కోతకు రెండు మూడు రోజులముందు, చేలో ఇంకా తేమ వుండగానే మినుము చల్లడం మా వైపు పాతకాలంనుంచీ వస్తున్న ఆనవాయితీ. కోత పూర్తయ్యేసరికి కొయ్యకాళ్ళ మధ్యనుంచి మినుము మొలకలు తలలెత్తుతాయి. దుక్కి లేదు, తడి లేదు. నేలలో మిగిలిన పదునుకూ, రాత్రి కురిసే మంచుకూ ఆ పంట చేతికొస్తుంది.

ఆ మినుముకు పట్టిన శని బంగారు తీగ. పేరు చూసి మోసపోకండి. ఆకు లేదు, పచ్చదనం లేదు. పసుపుపచ్చని నూలుపోగుల్లా వుంటుంది. మొలిచిన కొద్దిరోజుల్లో పక్కనున్న మొక్క దొరికిందా, దాన్ని చుట్టేసి రసం పీల్చడం మొదలు పెడుతుంది, తన వేరును తానే వదులుకుంటుంది. దొరకలేదా, ఎండి చస్తుంది. ఒక్క తీగకు వేల గింజలు కాస్తాయి. ఆ గింజలు భూమిలో పదేళ్ళకు పైగా చెడకుండా కాచుకుని వుండగలవు. ఒకవంక పల్లాకు తెగులూ, మరోవంక ఈ తీగా చుట్టుకున్నాక మా వైపు చాలామంది మినుము మానుకుని మొక్కజొన్నకు మళ్ళారు. వరినీ మొక్కజొన్ననూ ఆ తీగ ముట్టదు.

ఇక నిప్పు సంగతి. కోత మిషన్లు వచ్చాక గడ్డి చేలోనే చెల్లాచెదరుగా పడి వుంటుంది. మొక్కజొన్న వేసే తొందరలో కొందరు దాన్ని తగలబెడతారు. మా బాబాయిని అడిగితే, “గడ్డి అడ్డం పోద్ది, కలుపూ చస్తది, పురుగూ చస్తది. ఒక్క అగ్గిపుల్లతో మూడు పనులురా అబ్బాయ్” అన్నాడు. మాట బాగానే వుంది. కాని అలా తగలబెట్టిన చేలో, బూడిద ఇంకా వెచ్చగా వుండగానే, నేను పలుగుతో నాలుగు చోట్ల గుచ్చి చూశాను. పైన చెయ్యి పెట్టలేము. రెండంగుళాలు దిగేసరికి మట్టి చల్లగా, తేమగా వుంది.

ఇందులో వింతేమీ లేదు. మట్టి వేడిని త్వరగా కిందికి పోనివ్వదు. అందులో తేమ వుంటే, వచ్చిన వేడి ముందు ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది. గడ్డిమంట భగ్గున లేచి కాసేపట్లో ఆరిపోయేది. పై పొరలో వున్న గింజను మాడుస్తుంది కాని, వేలెడు లోతున వున్నదాని జోలికి పోలేదు. తుంగ సంగతి చెప్పనే అక్కర లేదు. దాని గడ్డలు భూమిలో హాయిగా వుంటాయి. పైనున్న గడ్డి కాలిపోతే దానికి ఎండా వెలుతురూ బాగా దొరుకుతాయి. పైగా ఆ గడ్డిలోని నత్రజని దాదాపు అంతా పొగలో కలిసి పోతుంది. దాన్నే మళ్ళీ యూరియా బస్తాల రూపంలో కొనుక్కోవాలి. మా బాబాయి చెప్పిన మూడు పనుల్లో గడ్డి అడ్డం పోవడం ఒక్కటే నాకు పూర్తిగా నిజమనిపిస్తుంది.

ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు కావాలంటే వంటింట్లోకి వెళ్ళాలి. ఇల్లాళ్ళకు నేను చెప్పేది కొత్తకాదు. పెసలు రాత్రి నానబోసి పొద్దున చూస్తే, అన్నీ ఉబ్బి మెత్తబడతాయి. కొన్ని మాత్రం వేసినవి వేసినట్టే రాళ్ళలా వుంటాయి. పెసరట్టు పిండిలో పంటికింద తగిలేవి అవే. వాటిని చచ్చు గింజలని పారేస్తాం. నిజానికి అవి చచ్చినవి కావు. వాటి పైపెంకులో నిటారుగా, ఒకదానినొకటి ఆనుకుని నిలబడ్డ కణాల వరస ఒకటుంటుంది. కోటగోడలాంటి ఆ వరస నీటిచుక్కను లోపలికి రానివ్వదు. నీరు దొరకనిదే పిండం మేలుకోదు. పెసలకు మనుషుల చేతిలో వేల యేళ్ళుగా సాగుబడి అయి ఈ గుణం చాలా తగ్గింది. తుమ్మ, తంగేడు, రేల, దిరిసెన, సుబాబుల్ లాంటి వాటి గింజల్లో మాత్రం మెండుగా వుంది. ఒకే చెట్టు గింజలు కొన్ని ఈ యేడూ, కొన్ని మరో అయిదేళ్ళకూ మొలుస్తాయి. ఒక కరువుకు వంశమంతా బలికాకుండా చెట్టు చేసుకున్న ఏర్పాటు అది.

ఆ గోడకు ఒక దొడ్డిదారి వుంది. చిక్కుడు జాతి గింజల్లో, కాయను అంటుకున్న మచ్చ దగ్గర, చాలావాటికి ఒక చిన్న బుడిపె వుంటుంది. ఎండుగా వున్న గింజకు గట్టి వేడి తగిలితే గోడలో ముందుగా బీటవారేది ఆ బుడిపె. దానిలోనుంచి నీరు లోపలికి చేరుతుంది. మేక కడుపులో పడి వచ్చిన తుమ్మగింజ బాగా మొలవడానికి కారణం కూడా పెంకు మెత్తబడడమే.

మరి అడవి కాలని చోట, మేక తినని చోట ఈ గింజలను ఎవరు లేపుతారు? మన దేశంలో ఆ పని సూర్యుడిది. రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయని సామెత. రోళ్ళ సంగతి అలా వుంచి, గింజలు పగిలే మాట వాస్తవం. మే నెలాఖరులో, నీడలేని నేల పైపొర మధ్యాహ్నం 60 డిగ్రీల సెంటిగ్రేడు దాటడం మన ఎండల్లో సామాన్యమే. రాత్రికి చల్లబడుతుంది; మళ్ళీ మర్నాడు కాలుతుంది. రోజూ ఇలా సాగీ వడిలీ, గింజ బుడిపె కొంచెం కొంచెంగా వదులవుతుంది. అంతలో మృగశిర వచ్చి తొలకరి పడుతుంది. కార్తెల వరస పెట్టినవాళ్ళకు గింజ పెంకులోని కణాల సంగతి తెలిసి వుండనక్కర లేదు. వరస మాత్రం సరిగ్గానే కుదిరింది.

అయితే ఇదే వేడి తడిసిన గింజకు తగిలితే కథ వేరు. ఎండిన గింజలో ప్రాణం ముడుచుకుని నిద్రపోతూ వుంటుంది, చాలా ఓర్చుకుంటుంది. నీరు పీల్చి మేలుకున్న గింజ చాలా తక్కువ వేడికే చచ్చిపోతుంది. మన వరినే చూడండి. కొన్ని రకాల వడ్లు కోసిన వెంటనే మొలవవు. కొన్ని వారాలు నిద్రలో వుంటాయి. ఆ నిద్ర రైతుకు వరం. కోతల వేళ తుపాను వచ్చి పనలు నీళ్ళలో నానినప్పుడు, నిద్ర లేని రకాలు వెన్నుమీదే మొలకెత్తి నాశనమవుతాయి. నవంబరులో ఆకాశంకేసి చూసే ప్రతి డెల్టా రైతుకూ ఆ భయం తెలుసు. అదే కొత్త వడ్లను వెంటనే విత్తనంగా వాడవలసి వస్తే, బాగా ఎండినవాటిని 50 డిగ్రీల పొడివేడిలో నాలుగైదు రోజులుంచి నిద్ర లేపుతారు. శాస్త్రజ్ఞులకు ఇది మామూలు పద్ధతి. పచ్చి వడ్లమీదికి అంత వేడిగాలి తోలితే విత్తనం చెడుతుంది. విత్తనపు వడ్లను ఆరబెట్టే గాలి 43 డిగ్రీలకు మించరాదంటారు. ఇక నానబెట్టి ఆవిరిపట్టిన ఉప్పుడు వడ్లు మొలవవని మిల్లులో పనిచేసేవాళ్ళకు వేరే చెప్పాలా? భాగవతంలోని ఉడికించిన గింజ అదే!

ఇప్పుడు బంగారు తీగ దగ్గరికి రండి. దాని గింజది కూడా నీరు చొరని పెంకే. కొద్దిసేపు వేడినీళ్ళలో ముంచితే ఆ పెంకు తెరుచుకుంటుందని ప్రయోగాల్లో తేలింది. తీగను పీకి, కాయలతో సహా గట్టువార కుప్పవేసి నిప్పు పెట్టినప్పుడు, కుప్పలో వున్న గింజలు బూడిదవుతాయి. కాని పీకేటప్పుడూ మోసేటప్పుడూ రాలి, నేల బీటల్లో అరంగుళం, ముప్పావంగుళం కింద పడినవి కాలవు. వాటికి కాక మాత్రం తగులుతుంది. విడివిడిగా ఏడాదికి కొన్ని చొప్పున పదేళ్ళు మొలవవలసిన గింజలు, మళ్ళీ తడి తగలగానే ఒక్కసారి లేస్తాయి. చేనంతటి తీగనూ తెచ్చి ఒకచోట పోసినందువల్ల అక్కడ గింజలు ఎక్కువ పడ్డాయన్నది కూడా మరిచిపోకూడదు. ఈ రెండిటిలో ఎవరి పాలు ఎంత అన్నది గట్టుమీద నిలబడి తేల్చే మాట కాదు. నేను ఆ అమ్మాయికి ఈ రెండూ చెప్పాను. “అయితే పూత రాకముందే పీకి కాల్చాలన్నమాట” అన్నది. అంతే. వ్యవసాయశాఖవారు చెప్పేదీ అదే: పూతకు ముందే, అది పట్టిన మినుము మొక్కలతో సహా పీకాలి, ముక్క మిగిలినా మళ్ళీ అల్లుకుంటుంది. విత్తనపు మినుములను జల్లించాలి. బంగారు తీగ గింజ మినుముకన్నా చాలా చిన్నది కనుక జల్లెడలో కిందికి దిగిపోతుంది.

నిప్పునే నమ్ముకుని బతికే చెట్లు లేకపోలేదు. ఉత్తర అమెరికాలో ఒక జాతి దేవదారు కాయలు జిగురుతో బిగుసుకుపోయి యేళ్ళ తరబడి కొమ్మమీదే వుంటాయి. అడవి అంటుకున్నప్పుడు జిగురు కరిగి, కాయలు విచ్చుకుని, బూడిదమీద గింజలు రాలుతాయి. 1988లో యెల్లోస్టోన్ అడవి పెద్దయెత్తున కాలితే, ఇక ఆ అడవి అయిపోయిందని లోకం ఏడ్చింది. తరవాత చూస్తే అలాంటి చెట్ల కింద పిల్లమొక్కలు నారుమడి పోసినట్టు లేచాయి. ఆస్ట్రేలియాలో తుమ్మజాతి గింజలను చీమలు తీసుకుపోయి భూమిలో దాస్తాయి. మంట వచ్చి వెళ్ళాక అవి మొలుస్తాయి.

ఆశ్చర్యమేమంటే, కొన్నిటికి వేడి కూడా అక్కర లేదు; పొగ చాలు. 1990లో దక్షిణాఫ్రికాలో డి లాంగ్, బూషే అనే ఇద్దరు, ఎన్ని తంటాలు పడినా మొలవని ఒక పొద గింజలకు పొగ పట్టించి మొలిపించారు. ఆ పొగలో ఏమున్నదో వెతికి వెతికి 2004లో ఆస్ట్రేలియాలోని పెర్త్ శాస్త్రజ్ఞులు పట్టుకున్నారు. ఆకూ కొమ్మా కాలినప్పుడు పుట్టే ఒక పదార్థం అది. అక్కడి ఆదివాసుల భాషలో పొగను ‘కర్రిక్’ అంటారట. దానినిబట్టి ఆ జాతి పదార్థాలకు కర్రికిన్లని పేరుపెట్టారు. అత్యల్ప ప్రమాణంలో నీటితో గింజకు అందినా, పైన అడవి కాలిపోయి చోటు ఖాళీ అయిందన్న కబురు దానికి చేరినట్టే.

ఇది చదివినప్పుడు నాకు వరాహమిహిరుడు జ్ఞాపకం వచ్చాడు. ఆరో శతాబ్దపు ఆ జ్యోతిష్కుడు తన బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయం కేటాయించాడు. గింజలను పది రోజులు పాలలో వుంచి, నెయ్యి రాసి, పేడలో దొర్లించి, పొగ పట్టించాలంటాడు. గట్టిపిండమైన చింతగింజకు ఏవేవో పిండ్ల కలిపిన నీళ్ళు చల్లి, పసుపుతో ధూపం వెయ్యమంటాడు. పసుపు బస్తాలకు పేరుపడిన దుగ్గిరాల మాకు కూతవేటు దూరమే. అక్కడెవరైనా పరీక్షించి చూస్తే బాగుండునని నా కోరిక. అంతమాత్రాన పెర్త్ వాళ్ళు కనిపెట్టింది మనకు ముందే తెలుసునని ఎగరడం నాకిష్టం లేదు. ఆయన పొగ మంచిదన్నాడు. పొగలో ఏది మంచిదో, ఏ గింజకు మంచిదో విడదీసి చూపడం వేరే పని. మన పాత వంటిళ్ళలో విత్తనపు కంకులను పొయ్యికి పైన వేలాడగట్టేవారు. అది పురుగు పట్టకుండా, గాలి తేమ చేరకుండా చేసిన పని. దానికీ మొలకకూ ఏమైనా సంబంధం వుందో లేదో ఆ కట్టెపొయ్యిలతోపాటే మరుగున పడింది.

దూరదేశాల కథలు విని కొందరు, “అడవులు కాలడం మంచిదే నటగా” అంటున్నారు. ఈ మాట మన నల్లమలకు చెల్లదు. అక్కడ మాఘఫాల్గుణాలనుంచి వానలదాకా నేలమీది ఎండుటాకూ గడ్డీ అంటుకుంటూనే వుంటాయి. చాలావరకు మనుషులు పెట్టిన నిప్పే. కాలిన పదిరోజులకు పచ్చగా చిగిర్చేవాటిని చూసి గింజలు మొలిచాయని మురిసిపోతాం. వాటిలో ఎక్కువ భాగం పాత మోళ్ళనుంచీ వేళ్ళనుంచీ వచ్చిన పిలకలే. బీడీ ఆకుకోసం తునికి పొదలకు నిప్పు పెట్టేది ఆ లేతచిగురు కోసమే. టేకు కాయ పెంకు ఎముకలా గట్టిది. 1840 దశకంలో మలబారులోని నిలంబూరులో కలెక్టరు కనోలీ, ఆయనకింద చాత్తుమేనోను టేకుతోట వేయబోయి ఆ కాయలను మొలిపించలేక ఎంతో శ్రమపడ్డారు. నారుమళ్ళవాళ్ళు టేకు కాయలపైన పలచగా గడ్డి పరిచి కమరబెట్టడం, లేదా రోజు మార్చి రోజు నానబెట్టి ఎండబెట్టడం చేస్తూ వచ్చారు. ఒకసారి కాక తగిలితే టేకుకు మేలే కావచ్చు. కాని మొలిచిన పిల్ల నిలదొక్కుకోకముందే మరుసటి వేసవిలో మళ్ళీ మంట వస్తే, అది మళ్ళీ నేలమట్టం అవుతుంది. ఏటేటా వచ్చే నిప్పు లేపిన పిల్లలను తానే మింగుతుంది.

దిరిసెన సంగతి చెప్పకుండా ముగిస్తే సాహిత్యం చదువుకున్నందుకు నాకే చిన్నతనం. మన కవులకు సుకుమారమైనదేదని అడిగితే శిరీష కుసుమమంటారు. ఆ పువ్వే మన దిరిసెన. అంత మెత్తని పువ్వుకు అంత గట్టి గింజ! దాని దగ్గరి చుట్టం ఒకటి చీనాలో వుంది. దాని గింజలను 1793లో సేకరించి లండను తీసుకుపోయారు. అక్కడి ప్రకృతి చరిత్ర మ్యూజియంలో కాగితాలమధ్య భద్రపరిచారు. 1940 సెప్టెంబరులో జర్మనులు వేసిన బాంబులకు ఆ భవనం అంటుకున్నది. మంటలార్పేవాళ్ళు గొట్టాలతో నీళ్ళు కొట్టారు. కొన్నాళ్ళకు చూస్తే, 147 యేళ్ళుగా పెట్టెలో వున్న ఆ గింజలు మొలకెత్తి వున్నాయి.

మీ వీధిలో దిరిసెన చెట్టు వుంటే ఈ వేసవిలో ఎండుకాయలు ఏరి పిల్లలచేత ఒలిపించండి. గింజలను రెండు భాగాలు చెయ్యండి. ఒక భాగాన్ని ఊరికే చన్నీళ్ళలో వెయ్యండి. రెండో దానికి, నీళ్ళు తెర్లకాచి, పొయ్యిమీదనుంచి దించాక, గింజలకు అయిదారు రెట్లు పోసి, అలాగే చల్లారనిచ్చి తెల్లవారేదాకా వుంచండి. పొయ్యిమీద వుండగా మాత్రం వెయ్యకండి. పప్పు వుడికినట్టు వుడికిపోతాయి. పొద్దున రెండు గిన్నెల్లోనూ ఉబ్బినవి ఎన్నో లెక్కపెట్టి, వాటిని వెంటనే ఇసక కలిపిన మట్టిలో అరంగుళం లోతున వెయ్యండి. ఉబ్బనివాటికి మరోసారి వేడినీళ్ళు పొయ్యవచ్చు.